కార్డు పర్సులోనే ఉంది, డబ్బు పోయింది: క్రెడిట్ కార్డు మోసాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

కార్డు నా దగ్గరే ఉంది. మరి దానితో ఎవరో ఎలా కొన్నారు?

ఆన్‌లైన్‌లో కొనడానికి ప్లాస్టిక్ ముక్కతో పనిలేదు. కార్డు మీదున్న నంబరు, గడువు తేదీ, వెనక ఉన్న మూడంకెల సీవీవీ తెలిస్తే చాలాచోట్ల సరిపోతుంది. కొన్ని సైట్లు సీవీవీ కూడా అడగవు.

కార్డు నంబరు రహస్యమని మనం అనుకుంటాం. ఇప్పటిదాకా దాన్ని ఎంతమందికి ఇచ్చామో ఒకసారి లెక్కేసుకోండి. షాపింగ్ సైట్లు, టికెట్ల యాప్‌లు, హోటల్ కౌంటర్లు, ఎప్పుడో ఒకసారి వాడి మర్చిపోయిన ఏదో వెబ్‌సైట్... ఇంతమంది చేతుల్లో పడ్డదాన్ని రహస్యం అనుకుని నిశ్చింతగా ఉండటం తెలివైన పని కాదు. నంబరు ఏదో ఒకరోజు బయటికి పొక్కుతుందనే అనుకుని, పొక్కినా దానితో ఎవరూ ఏమీ చేయలేకుండా ఏర్పాటు చేసుకోవాలి. కింది జవాబులన్నీ ఆ ఆలోచనతో రాసినవే.

నంబరు దొంగలకు ఎక్కడి నుంచి దొరుకుతుంది?

చాలాసార్లు మీ తప్పేమీ లేకుండానే దొరుకుతుంది. 2013 చివర్లో అమెరికాలోని టార్గెట్ దుకాణాల బిల్లింగ్ మెషీన్లలోకి దొంగ సాఫ్ట్‌వేర్ చొరబడి దాదాపు 4 కోట్ల కార్డుల వివరాలు పట్టుకుపోయింది. దొంగలు దుకాణం మీదికి నేరుగా వెళ్లలేదు. ఆ దుకాణాలకు ఏసీ, ఫ్రిజ్ పనులు చేసే కాంట్రాక్టు సంస్థ లాగిన్ సంపాదించి, ఆ దారిన లోపలికి దూరారు. కార్డు గీకి సామాను తెచ్చుకున్నవాళ్లు ఇందులో చేసిన తప్పేముంది?

2018లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ సైటులో ఇంకో రకం దొంగతనం జరిగింది. డబ్బు కట్టే పేజీలో దుండగులు 22 లైన్ల కోడ్ ఇరికించారు. టికెట్ కొనేవాళ్లు టైప్ చేసిన ప్రతి అంకె కంపెనీకి వెళ్తూనే, దొంగలకూ వెళ్లింది. సైటు అసలుదే, అడ్రసు సరైనదే, తాళం గుర్తూ ఉంది. ఎంత జాగ్రత్తపరుడైనా దీన్ని కనిపెట్టలేడు.

మిగతా దారులు మీకు తెలిసినవే. నకిలీ లింకులు, నకిలీ కస్టమర్ కేర్ నంబర్లు, ఏటీఎంలకు అతికించి కార్డు సమాచారం కాజేసే స్కిమ్మర్లు, కార్డు తీసుకుని లోపలికి వెళ్లి ఫొటో తీసుకునే ఉద్యోగి. కొత్త కార్డు వచ్చిన సంబరంలో ఫొటో తీసి అందరికీ కనబడేలా పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల విషయంలో దొంగకు శ్రమే లేదు.

ఇంకొకటి, ఊహించి పట్టుకోవడం. కార్డు నంబరులో మొదటి అంకెను బట్టి నెట్‌వర్క్ తెలుస్తుంది: 4 అయితే వీసా, 5 లేదా 2 అయితే మాస్టర్‌కార్డ్. మొదటి 6 లేదా 8 అంకెలు ఏ బ్యాంకు, ఏ రకం కార్డు అనేది చెబుతాయి. చివరి అంకె మిగతావాటి నుంచి లెక్కకట్టి పెట్టినది. ఐబీఎంలో పనిచేసిన హన్స్ పీటర్ లూన్ ఈ లెక్కను తయారుచేశాడు, 1960లో పేటెంట్ వచ్చింది. టైప్ చేసేటప్పుడు అంకె తప్పు పడితే పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు అది, భద్రతకు పెట్టింది కాదు. ఆ లెక్క తెలిసిన ప్రోగ్రాము కుదిరే నంబర్లు వేలకొద్దీ పుట్టించి, ఏది పనిచేస్తుందో ఒక్కొక్కటీ ప్రయత్నించి చూస్తుంది. అంటే ఒక్కసారి కూడా వాడని కార్డు మీద కూడా దొంగ లావాదేవీ పడొచ్చు.

ఫోన్ చేసినాయనకు నా పేరు, కార్డు మొదటి అంకెలు తెలుసు. బ్యాంకువాళ్లే కదా?

కాకపోవచ్చు. పైన చెప్పినట్టు మొదటి ఆరంకెలు మీ ఒక్కరివి కావు, ఆ బ్యాంకులో అదే రకం కార్డున్న అందరివీ. అవి చదివి వినిపించి నమ్మకం పుట్టించడం పాత ఎత్తు. మీ పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఏదో ఒక డేటా లీకులో ఎప్పుడో బయటపడి ఉంటాయి. ఫోన్ స్క్రీన్ మీద బ్యాంకు పేరు కనబడటం కూడా రుజువు కాదు. కాల్ ఏ నంబరు నుంచి వస్తున్నట్టు కనబడాలో మార్చేయడం కష్టమేమీ కాదు.

"సార్, మీ కార్డు మీద ఇప్పుడే ఒక పెద్ద లావాదేవీ జరిగింది, ఆపమంటారా?" అని మొదలుపెడతారు. ఆ టెన్షన్‌లో మనకు ఆలోచన ఆగిపోతుంది. వాళ్లకు కావలసింది అదే. మీరు చేయాల్సింది కాల్ కట్ చేసి, కార్డు వెనక ముద్రించి ఉన్న నంబరుకు మీరే ఫోన్ చేయడం. నిజంగా బ్యాంకువాళ్లే అయితే ఏమీ అనుకోరు. "కట్ చేస్తే కార్డు బ్లాక్ అయిపోతుంది" అని బెదిరిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. కార్డు బ్లాక్ కావడం వల్ల మీకు పోయేదేముంది చెప్పండి!

సెర్చ్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి చేయొద్దు. అక్కడ మొదట కనబడేది మోసగాడు పెట్టించిన నంబరు కావచ్చు.

ఓటీపీ ఉంది కదా, ఇంకా భయమెందుకు?

ఓటీపీ గట్టి తాళమే. అయితే తాళంచెవి మీ చేతిలో ఉంటుంది, దాన్ని మీ చేతనే ఇప్పించడానికే ఇప్పటి మోసాలన్నీ తిరుగుతున్నాయి.

ఓటీపీ మెసేజీలో అంకెలు మాత్రమే చూసి టైప్ చేసేవాళ్లే ఎక్కువ. దయచేసి మొత్తం వాక్యం చదవండి. ఎంత మొత్తం, ఎవరికి, దేనికోసం అనేది చాలా బ్యాంకుల మెసేజీల్లో ఉంటుంది. "రిఫండ్ వస్తుంది" అని అవతలివాడు చెబుతుంటే మెసేజీలో "చెల్లింపు" అని ఉంటుంది. రిఫండ్‌కు ఓటీపీ అక్కర్లేదన్నది గుర్తుంటే సగం కథ అక్కడే ముగుస్తుంది.

ఈ మధ్య ఎక్కువగా వాడుతున్న ఎత్తు ఇంకొకటుంది. పార్సిల్ ఆగిపోయిందనో, టోల్ బాకీ ఉందనో ఒక లింకు వస్తుంది. అందులో చిన్న మొత్తమే అడుగుతారు. కార్డు వివరాలు ఇస్తే ఓటీపీ వస్తుంది. నిజానికి ఆ ఓటీపీ చెల్లింపుది కాదు. మీ కార్డును దొంగ తన ఫోన్‌లోని వాలెట్‌లో చేర్చుకోవడానికి వచ్చినది. మీరు ఆ అంకెలు ఇచ్చారంటే, ఆపైన వాడు దుకాణాల్లో ఫోన్ ఆనించి కొంటూ పోతాడు, ఆ కొనుగోళ్లకు మళ్లీ ఓటీపీ అడగరు. మెసేజీలో "వాలెట్‌లో కార్డు చేర్చడానికి" అన్న అర్థమొచ్చే మాట కనబడితే, మీరు ఆ పని చేయడం లేదంటే, అక్కడే ఆగండి.

ఫోన్ సిగ్నల్ ఉన్నట్టుండి గంటలకొద్దీ పోతే కూడా తేలిగ్గా తీసుకోవద్దు. మీ నంబరుకు ఇంకెవరో డూప్లికేట్ సిమ్ తీసుకుని ఉండొచ్చు. అప్పుడు ఓటీపీలు వాడికే వెళ్తాయి. ఇంకో ఫోన్ నుంచి మొబైల్ కంపెనీకి, బ్యాంకుకు వెంటనే చెప్పాలి.

ఓటీపీ రాకుండానే డబ్బు కట్ అయింది. అదెలా?

అన్ని దేశాల్లో, అన్ని సైట్లలో ఓటీపీ తప్పనిసరి కాదు. విదేశీ సైటు ఆ అంచె లేకుండానే కార్డు తీసుకోవచ్చు. ఒక్క ఊరట ఏమిటంటే, అలా తనిఖీ లేకుండా తీసుకున్న లావాదేవీ మోసమని తేలితే భారం సాధారణంగా ఆ దుకాణం మీదే పడుతుంది. అందుకే ఇలాంటివి మీవి కావని బ్యాంకులో అభ్యంతరం పెడితే డబ్బు తిరిగొచ్చే అవకాశం ఎక్కువ.

మీకు విదేశీ సైట్లతో పనిలేకపోతే కార్డులో విదేశీ లావాదేవీల సదుపాయాన్నే ఆపి ఉంచండి. కావాల్సినప్పుడు తెరిచి, పని కాగానే మూసేయొచ్చు.

ట్యాప్ చేసే కార్డుల నుంచి పక్కన నిలబడి డబ్బు లాగేస్తారట, నిజమేనా?

దీని గురించి భయం ఎక్కువ, జరిగేది తక్కువ. కార్డు కొన్ని సెంటీమీటర్ల దూరంలోనే పలుకుతుంది. ప్రతి ట్యాప్‌కూ చిప్పు ఒక కొత్త కోడ్ పుట్టిస్తుంది, అది ఒక్క లావాదేవీకే చెల్లుతుంది. వెనక ముద్రించిన సీవీవీ గాలిలోకి వెళ్లదు. కార్డుకు ప్రత్యేకమైన తొడుగులు కొనుక్కుంటే మనశ్శాంతికి పనికొస్తాయి, అంతకుమించి పెద్దగా ఉపయోగం లేదని నా అభిప్రాయం.

అసలు ప్రమాదం వేరే చోట ఉంది. "మీ కార్డు సరిచూడాలి, ఫోన్ వెనక ఆనించి పట్టుకోండి, పిన్ కొట్టండి" అని ఎవరైనా యాప్ వేయించి అడిగితే అది దోపిడీ. 2024లో ఈసెట్ అనే భద్రతా సంస్థ ఇలాంటి ఒక దొంగ యాప్‌ను బయటపెట్టింది. దాని పేరు ఎన్‌గేట్. బాధితుడి ఫోన్‌కు ఆనించిన కార్డు సంకేతాన్ని అప్పటికప్పుడు దొంగ ఫోన్‌కు చేరవేస్తుంది. దొంగ ఎక్కడో ఏటీఎం ముందు నిలబడి డబ్బు తీసుకుంటాడు. కార్డును మీ సొంత ఫోన్‌కు ఆనించమని ఎవరు చెప్పినా ఆనించకండి.

స్కిమ్మర్ ఉందో లేదో ఎలా కనిపెట్టాలి?

కార్డు పెట్టే నోటిని పట్టుకుని కాస్త కదిలించండి. అతికించినదైతే ఊగుతుంది లేదా ఊడి వస్తుంది. కీప్యాడ్ మామూలుకన్నా ఎత్తుగా, మెత్తగా ఉన్నా అనుమానించండి. పిన్ కొట్టేటప్పుడు రెండో చెయ్యి అడ్డం పెట్టుకోవడం మాత్రం ఎప్పుడూ మానొద్దు. నంబరు దొరికినా పిన్ దొరక్కపోతే ఏటీఎం నుంచి డబ్బు రాదు, పిన్ కోసం దొంగలు ఎక్కువగా నమ్ముకునేది పైన దాచిన చిన్న కెమెరానే.

స్కిమ్మర్ దొంగిలించేది వెనకున్న నల్ల పట్టీలోని సమాచారం. అందులో అంకెలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి కాబట్టి నకలు తీయడం తేలిక. చిప్పు ప్రతిసారీ కొత్త జవాబిస్తుంది కాబట్టి దాన్ని నకలు తీయడం దాదాపు అసాధ్యం. అందుకే చిప్పు పెట్టే వీలున్నచోట గీకనివ్వొద్దు. నల్ల పట్టీని కార్డు మీద నుంచి మెల్లగా తీసేస్తామని మాస్టర్‌కార్డ్ 2021లో ప్రకటించింది. 2033 నాటికి తమ కార్డుల్లో ఒక్కదానికీ అది ఉండదని చెప్పింది. అప్పటిదాకా చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సిందే.

అడ్రసు పక్కన తాళం గుర్తుంటే సైటు మంచిదేనా?

కాదు. మీకూ ఆ సైటుకూ మధ్య వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే దాని అర్థం. అవతల ఉన్నది దొంగే అయితే మీ వివరాలు వాడికి భద్రంగా చేరతాయి.

అడ్రసులో ఒక అక్షరం మారిందేమో అని ప్రతిసారీ కళ్లు చించుకుని చూడటం మనిషి వల్ల కాదు. ఆ పని పాస్‌వర్డ్ మేనేజర్‌కు అప్పగించండి. అసలు సైటులో దానంతటదే పాస్‌వర్డ్ నింపుతుంది. నకిలీ సైటు ఎంత అచ్చుగుద్దినట్టున్నా అడ్రసు వేరు కాబట్టి నింపదు. ఎప్పుడూ నింపేది ఇవాళ నింపలేదంటే చేతులు కీబోర్డు మీద నుంచి తీసేయండి.

సైట్లలో కార్డు సేవ్ చేసుకోవచ్చా?

రోజూ వాడే ఒకటి రెండు చోట్ల సరే. ఒక్కసారి కొనే చోట వద్దు. కార్డుల భద్రతకు ప్రపంచమంతా పాటించే పీసీఐ ప్రమాణాల ప్రకారం లావాదేవీ పూర్తయ్యాక సీవీవీని దుకాణం దాచుకోకూడదు. నంబరు మాత్రం దాచుకోవచ్చు.

టోకెన్ పద్ధతి ఉంటే అదే ఎంచుకోండి. అందులో సైటు దగ్గర ఉండేది మీ అసలు నంబరు కాదు, దాని బదులు ఇచ్చిన మారు నంబరు. సాధారణంగా అది ఆ దుకాణానికో, ఆ ఫోనుకో కట్టేసి ఉంటుంది, పట్టుకుపోయినా వేరేచోట పనిచేయదు. ఫోన్ వాలెట్లు పనిచేసేదీ ఇలాగే. కొన్ని బ్యాంకులు ఒక్కసారికి మాత్రమే పనికొచ్చే వర్చువల్ కార్డు నంబర్లు ఇస్తాయి. తెలియని సైటులో కొనక తప్పనప్పుడు అంతకన్నా మంచి ఉపాయం లేదు.

ముందుగానే ఏయే ఏర్పాట్లు చేసుకోవాలి?

ఒక్క పనే చేసే ఓపిక ఉంటే, ప్రతి లావాదేవీకీ, ఎంత చిన్నదైనా, ఫోన్‌కు మెసేజీ వచ్చేలా పెట్టుకోండి. ఇంకాస్త ఓపిక ఉంటే ఆన్‌లైన్, విదేశీ, ట్యాప్ లావాదేవీలకు విడివిడిగా పరిమితి తగ్గించుకోండి. పెద్ద వస్తువు కొనే రోజున పెంచుకుంటే సరి. బ్యాంకు యాప్‌లో కార్డును తాత్కాలికంగా లాక్ చేసే మీట ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకోండి, కంగారులో దొరకదు. ఆన్‌లైన్‌కు ఒక కార్డు, బయట వాడటానికి ఇంకో కార్డు పెట్టుకుంటే ఒకటి ఆగినా రెండోది ఉంటుంది.

ఈమెయిల్‌కు గట్టి పాస్‌వర్డు, రెండంచెల లాగిన్ పెట్టడం కార్డు భద్రతలో భాగమే. ఈమెయిల్ చేతికి చిక్కితే మిగతా ఖాతాల పాస్‌వర్డులన్నీ మార్చేయొచ్చు కదా.

చాలా చిన్న మొత్తం కట్ అయింది. పట్టించుకోవాలా?

పెద్ద మొత్తం కన్నా ముందు దీన్నే పట్టించుకోవాలి. దొంగలు కొన్న నంబర్ల మూటలో ఏవి బతికున్నాయో చూడటానికి ముందు నాలుగు చిల్లర డబ్బులు లాగి చూస్తారు. అది సాఫీగా జరిగితే అసలు దెబ్బ ఆ తర్వాత.

నాకూ ఒకసారి ఇలాగే జరిగింది. పేరు కూడా అర్థం కాని ఏదో సంస్థకు చిల్లర మొత్తం వెళ్లినట్టు అర్ధరాత్రి మెసేజీ వచ్చింది. పిల్లలు ఏదో గేమ్‌లో నొక్కి ఉంటారులే అని పడుకున్నాను. తెల్లారేసరికి వరసగా మూడు పెద్ద లావాదేవీలు. డబ్బు చివరికి తిరిగొచ్చిందిగానీ, ఆ రెండు నెలలూ ఫోన్లు చేసి చేసి విసుగెత్తింది. ఆ రాత్రి లాక్ మీట నొక్కి ఉంటే పది సెకన్ల పని.

అయితే ఒక మాట. బిల్లులో కనబడే పేరు, దుకాణం బోర్డు మీది పేరు ఒకటి కాకపోవడం మామూలే. మాతృసంస్థ పేరు పడుతుంది. ముందు కార్డు లాక్ చేసి, తర్వాత ఇంట్లో అడిగి చూడండి. ఈ వరస మాత్రం తిరగబడకూడదు.

మోసం జరిగిందని తెలిసింది. వెంటనే ఏం చేయాలి?

యాప్‌లో లాక్. తర్వాత బ్యాంకుకు ఫోన్ చేసి ఆ కార్డును శాశ్వతంగా బ్లాక్ చేయించి, ఆ లావాదేవీలు మీవి కావని నమోదు చేయించండి. ఫిర్యాదు నంబరు, మాట్లాడిన సమయం రాసుకోండి. ఫోన్‌లో చెప్పిందే ఈమెయిల్‌లో కూడా పంపండి, రేపు "మీరు మాకు చెప్పలేదు" అనకుండా.

దొంగ చెప్పాడని ఏదైనా స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకుని ఉంటే ముందు ఫోన్ నెట్ ఆపేసి, ఆ యాప్ తీసేసి, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డులు మార్చండి. మెసేజీలు, కాల్ లాగ్ సిగ్గుతోనో కోపంతోనో డిలీట్ చేయొద్దు, ఆధారాలు అవే. ఆ తర్వాత సైబర్ పోలీసు ఫిర్యాదు. కొన్ని బ్యాంకులు ఆ కాపీ లేకుండా ముందుకు కదలవు.

డబ్బు తిరిగి వస్తుందా?

రెండు విషయాల మీద ఆధారపడుతుంది: ఎంత త్వరగా చెప్పారు, ఓటీపీ లేదా పిన్ మీరే ఇచ్చారా. చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో క్రెడిట్ కార్డును అనుమతి లేకుండా వాడితే ఖాతాదారు మీద పడే భారం చట్టప్రకారం 50 డాలర్లు దాటదు. భారత రిజర్వు బ్యాంకు 2017లో ఇచ్చిన ఆదేశాల్లో, తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు సమాచారం అందిన 3 పనిదినాల్లోగా చెబితే మీ మీద భారం ఉండదని, వివరాలు మీరే ఇచ్చేసి ఉంటే బ్యాంకుకు చెప్పేదాకా జరిగిన నష్టం మీదేనని ఉంది. ఎక్కడైనా గడియారం మీకు వ్యతిరేకంగా తిరుగుతుంటుంది. మీ బ్యాంకు షరతుల్లో ఆ గడువు ఎంతో చూసి పెట్టుకోండి.

ఓటీపీ ఇచ్చేశాం కాబట్టి లాభం లేదని ఊరుకోవద్దు. దొంగ చేతికి డబ్బు పూర్తిగా చేరేలోపు ఆపగలిగిన సందర్భాలున్నాయి. వివాదంలో ఉన్న మొత్తం సంగతి తేలేలోపు మిగతా బిల్లు మాత్రం సమయానికి కట్టండి, లేకపోతే వడ్డీ వేరే తలనొప్పి.

డెబిట్ కార్డు కూడా ఇంతేనా?

పద్ధతులు అవే, దెబ్బ వేరు. క్రెడిట్ కార్డులో గొడవ జరుగుతున్నంతసేపూ చిక్కుకున్నది బ్యాంకు డబ్బు. డెబిట్‌లో మీ జీతం, మీ ఇంటద్దె. ఆన్‌లైన్ కొనుగోళ్లకు క్రెడిట్ కార్డు వాడమనేది ఇందుకే.

కార్డు మార్చినా పాత సబ్‌స్క్రిప్షన్ డబ్బు కట్ అవుతోంది. ఎలా?

కొత్త నంబరు వచ్చినప్పుడు దాన్ని నెలనెలా డబ్బు తీసుకునే సంస్థలకు తెలియజేసే ఏర్పాటు కార్డు నెట్‌వర్కుల్లో ఉంది. సేవలు ఆగిపోకుండా పెట్టిన సదుపాయం అది. ఉచిత ట్రయల్‌లో చేరి మర్చిపోయినవాళ్లకు ఇదే ఉచ్చు. కార్డు మార్చి వదిలించుకుందామనుకోకుండా, ఆ సేవనే రద్దు చేసి, బ్యాంకులో ఆ ఆటోపే అనుమతి కూడా తీయించండి.

నేను తీసుకోని కార్డుకు బిల్లు వచ్చింది!

మీ గుర్తింపు కాగితాల నకళ్లతో ఎవరో కార్డు తీసుకుని ఉండాలి. అది ఇచ్చిన బ్యాంకుకు, పోలీసులకు, క్రెడిట్ రిపోర్టు (మీ పేరున ఉన్న అప్పులు, కార్డుల చిట్టా) ఇచ్చే సంస్థకు లిఖితపూర్వకంగా చెప్పాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు మీ క్రెడిట్ రిపోర్టు తెప్పించి, తెలియని ఖాతాలున్నాయేమో చూసుకుంటుంటే బిల్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు. నకళ్లు ఇచ్చేటప్పుడు ఏ పనికి, ఏ తేదీన ఇస్తున్నారో కాగితం మీదే అడ్డంగా రాయండి.

పోయిన డబ్బు తెప్పిస్తామని ఎవరో ఫోన్ చేస్తున్నారు...

అదే ముఠా కావచ్చు. ఒకసారి మోసపోయినవాళ్ల జాబితాలు కూడా అమ్ముడవుతాయి. ముందు ఫీజు కట్టమన్నారంటే రెండో మోసం మొదలైనట్టే.

ఇంట్లో పెద్దవాళ్లకు ఇవన్నీ ఎలా చెప్పాలి?

ఇవన్నీ చెప్పకండి, గుర్తుండవు. "డబ్బు గురించి ఎవరు ఫోన్ చేసినా కట్ చేసి నాకు చెయ్యి నాన్నా" అన్నది చాలు. దానికి తగ్గట్టు వాళ్లు చేసినప్పుడు విసుక్కోకుండా ఎత్తాలి. మోసపోయినవాళ్లలో చాలామంది పిల్లలు తిడతారని రోజుల తరబడి దాస్తారు. గంటలు లెక్కించాల్సిన చోట రోజులు పోతాయి. వాళ్ల కార్డు పరిమితి తగ్గించి, మెసేజీలు మీ ఫోన్‌కు కూడా వచ్చే వీలుంటే పెట్టించండి.

గడువు తీరిన కార్డును ఎలా పారేయాలి?

చిప్పును, నల్ల పట్టీని, సీవీవీని అడ్డంగా కత్తిరించి, ముక్కలు రెండు మూడు సార్లుగా వేర్వేరు చెత్తబుట్టల్లో వేయండి. లోహపు కార్డయితే కత్తెరకు తెగదు, తిరిగి బ్యాంకుకే ఇచ్చేయండి.